మీకు తెలుసా? ఆక్సిజన్ సెన్సర్‌కూ భీమిలి ఇసుకకూ చుట్టరికం

పెట్రోలు కారు పొగగొట్టానికి బిగించే ఆక్సిజన్ సెన్సర్ కొనలో ఉండేది జిర్కోనియా అనే పింగాణీ. దానికి మూలమైన జిర్కాన్ ఖనిజం విశాఖ జిల్లా భీమిలి తీరపు ఇసుకలోనూ ఉంది.

సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కాక, సాధారణ రకం సెన్సర్ పొగలోని ఆక్సిజన్‌ను బయటి గాలితో పోల్చి 0.1 నుంచి 0.9 వోల్టుల సంకేతం ఇస్తుంది. దాన్ని బట్టే కారులోని కంప్యూటర్ కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి అందేలా చూస్తుంది. ఉక్కు తయారీలో కరిగిన లోహంలోని ఆక్సిజన్‌ను కొలిచే ప్రోబ్‌దీ ఇదే సూత్రం.

సెన్సర్ చెడితే డ్యాష్‌బోర్డుపై ఇంజిన్ లైటు వెలుగుతుంది, మైలేజీ పడిపోతుంది. విశాఖ వంటి తీర నగరాల్లో ఉప్పుగాలికి దాని మరలు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. అందుకే సెన్సర్ మార్చేటప్పుడు, ఇంజిన్ చల్లారాక తుప్పు వదిలించే నూనె పోసి కాసేపు నాననివ్వాలి. తర్వాత కనెక్టర్ ఊడదీసి, వైరు పట్టే చీలిక ఉన్న సాకెట్‌తో విప్పాలి. కొత్త సెన్సర్‌కు ముందే పూత లేకుంటే మరలకు మాత్రమే, అవి బిగుసుకోకుండా చూసే యాంటీ-సీజ్ రాయాలి. కొనకు అంటితే సెన్సర్ పాడవుతుంది. చివరగా స్కానర్‌తో పాత ఫాల్ట్ కోడ్ చెరిపేయాలి.