పాత కటకం కొనబోయే ముందు

1999లో మా అమ్మను మూడు ఫోటోలు తీశాను. సాయంత్రం వేళ, వీధి అరుగు మీద, సుమారు మీటరు దూరం నుంచి. ఆమె కాస్త పక్కకు తిరిగి కూర్చుంది. ఫిల్ము కడిగించి చూస్తే మూడింటిలోనూ చెవి దుద్దులో రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. కళ్ళు మాత్రం మసక!

కెమేరా మా మేనమామ ఓడ మీద పనిచేసే రోజుల్లో తెచ్చిన జపాను సరుకు. కటకం, అంటే లెన్సు, నేను పాత సామాన్ల దుకాణంలో బేరమాడి కొన్నది. గాజు మీద ఒక్క గీత లేదు. లోహపు పట్టీలు తళతళలాడుతున్నాయి. చవకలో దొరికిందని మురిసిపోయాను. అమ్మను అలా కూర్చోబెట్టి ఫోటో తీసే అవకాశం నాకు మళ్ళీ రాలేదు.

తప్పు కెమేరాది కాదు, కటకానిదీ కాదు. ఆ రెంటికీ పొత్తు కుదిరిందో లేదో చూసుకోని నాది. బడిలో పిల్లలకు కటక సూత్రం చెప్పే మాస్టారికి, ఆ సూత్రాన్ని దుకాణంలో వాడాలని తోచలేదు!

ఈమధ్య తాతగారి బీరువాలోంచి పాత ఫిల్ము కెమేరాలు మళ్ళీ బయటికి వస్తున్నాయి. మీలో ఎవరికైనా అలాంటిది దొరికి, దానికి తక్కువ ఖర్చులో ఒక పాత కటకం కొనాలని ఉంటే, నా పొరపాటు మీరు చెయ్యకుండా ఉండేందుకే ఈ వ్యాసం.

రెండు కిటికీల కెమేరా

ముందు ఒక చిన్న పని చెయ్యండి. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఒకసారి ఎడమ కంటితో, ఒకసారి కుడి కంటితో చూడండి. వెనకనున్న గోడ మీద వేలు పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది కదూ? వేలిని ముఖానికి దగ్గరగా తెస్తే గెంతు పెద్దదవుతుంది, దూరంగా జరిపితే చిన్నదవుతుంది. అంటే గెంతు ఎంతో కొలిస్తే దూరం ఎంతో చెప్పవచ్చన్నమాట.

రేంజిఫైండర్ కెమేరా చేసే పని సరిగ్గా ఇదే. దాని ముఖాన రెండు చిన్న కిటికీలుంటాయి. ఒకదాని వెనక కొంత కాంతిని లోపలికి పోనిచ్చి, కొంత కాంతిని పరావర్తనం చేసే అద్దం ఉంటుంది. రెండోదాని వెనక కొద్దికొద్దిగా తిరిగే అద్దం ఉంటుంది. కన్ను పెట్టి చూస్తే ఒకే మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. కటకం చుట్టూ ఉన్న పట్టీని తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. ఒకటైన చోట ఫోకస్ కుదిరినట్టు లెక్క. కిటికీల మధ్య దూరం పెరిగినకొద్దీ కొలత నిక్కచ్చిగా ఉంటుంది. 1954లో జర్మనీలో వచ్చిన లైకా ఎమ్3లో ఈ దూరం 68.5 మి.మీ. సోవియట్ జోర్కి-4లో 38 మి.మీ. మాత్రమే.

కటకం ఎంత కదిలిందో కిటికీ వెనకున్న అద్దానికి ఎలా తెలుస్తుంది? కటకం వెనక అంచు కెమేరాలోని ఒక చిన్న మీటను నెడుతుంది. మీట అద్దాన్ని తిప్పుతుంది. 1932లో వచ్చిన లైకా-2 ఈ ఏర్పాటుతోనే పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి గమనించండి. మన కన్ను కటకం గుండా చూడటం లేదు! ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో కటకం నుంచి వచ్చిన బొమ్మే కంటికి కనిపిస్తుంది. మసకగా ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. రేంజిఫైండర్‌లో అలా కాదు. కటకానికి మూత పెట్టి మరిచిపోయినా కిటికీలోంచి లోకం నిగనిగలాడుతూనే ఉంటుంది. కటకంలోని దోషం ఫిల్ము కడిగిన తరువాత గాని బయటపడదు. అందుకే ఈ కెమేరాకు కటకం కొనేటప్పుడు పరీక్ష మరింత అవసరం.

దుద్దు ఎందుకు స్పష్టంగా పడింది?

మీ పాఠంలోని కటక సూత్రం తీసుకోండి. నాభ్యంతరం విలోమం, వస్తుదూరం విలోమానికీ ప్రతిబింబదూరం విలోమానికీ మొత్తం. లైకా పద్ధతి కెమేరాల్లో మీట 51.6 మి.మీ. నాభ్యంతరానికి సరిపడేలా అమర్చి ఉంటుంది, కటకం మీద గుండుగుత్తగా 50 అని రాసి ఉన్నా సరే. 51.6 మి.మీ. కటకం అనంత దూరం నుంచి మీటరు దూరానికి ఫోకస్ కావాలంటే 2.81 మి.మీ. ముందుకు రావాలి. కావాలంటే లెక్క కట్టి చూడండి.

మీరు కొన్న కటకం అసలు నాభ్యంతరం 52.4 మి.మీ. అనుకుందాం. దాని మీదా 50 అనే రాసి ఉండవచ్చు. అది మీటరు దూరానికి 2.90 మి.మీ. ముందుకు రావాలి. ఆ తేడాను సర్దే ఏర్పాటు కటకంలో లేకపోతే ఏమవుతుంది? కిటికీలో రెండు బొమ్మలూ ఒకటయ్యేసరికి కటకం 2.81 మి.మీ. మాత్రమే కదిలి ఉంటుంది. లోటు 0.09 మి.మీ. అంటే రమారమి ఒక కాగితం మందం! ఆ కాగితం మందానికే ఫోకస్ మీటరు దగ్గర కాకుండా 3 సెం.మీ. వెనక కుదురుతుంది.

మూడు సెంటీమీటర్లు ఒక లెక్కా అంటారేమో. 50 మి.మీ. కటకాన్ని ఎఫ్/2 వద్ద పూర్తిగా తెరిచి, మీటరు దూరంలో ఫోటో తీస్తే స్పష్టంగా పడే మందం మొత్తం కలిపి సుమారు 4.5 సెం.మీ. మాత్రమే. అంటే ముందుకు రెండు, వెనక్కు రెండు, ఆపైన కాస్త. పక్కకు తిరిగి కూర్చున్న మనిషికి చెవి కంటికన్నా నాలుగు సెంటీమీటర్ల వెనక ఉంటుంది. నేను అమ్మ కంటికి గురి పెట్టాను, కటకం దుద్దును పట్టుకుంది. తరువాత పరీక్షించి చూస్తే నా కటకంలో తేడా దాదాపు ఇంతే.

అదే కటకాన్ని ఎఫ్/8కి మూస్తే స్పష్టంగా పడే మందం సుమారు 18 సెం.మీ. అవుతుంది. మూడు సెంటీమీటర్ల తప్పు అందులో మునిగిపోతుంది. పట్టపగలు తీసిన పొలాలూ గుడి గోపురాలూ చక్కగా వచ్చాయి కాబట్టే నాకు అనుమానం రాలేదు.

ఏది కొనాలి?

మొదట మర సంగతి చూడండి. పాత లైకాలకూ, ఫెడ్, జోర్కి, కెనన్ రేంజిఫైండర్లకూ కటకాన్ని మరలా తిప్పి బిగిస్తారు. మర వ్యాసం 39 మి.మీ. కాంటాక్స్, కీవ్ కెమేరాల పట్టు వేరు, వాటి కటకాలు వీటికి పట్టవు. లైకా ఎమ్ కెమేరాలకు మర లేదు, కొక్కెం లాంటి పట్టు ఉంటుంది. మర కెమేరాలో కటకం కూర్చునే చోటికీ ఫిల్ముకూ మధ్య దూరం 28.8 మి.మీ. ఎమ్ కెమేరాలో 27.8 మి.మీ. తేడా సరిగ్గా 1 మి.మీ. అందుచేత 1 మి.మీ. మందం గల రింగు వేస్తే మర కటకాన్ని ఎమ్ కెమేరాకు బిగించవచ్చు. ఎమ్ కటకాన్ని మర కెమేరాకు బిగించడం మాత్రం కుదరదు. ఎందుకో ఆలోచించండి.

మర పట్టింది కదా అని సంబరపడకండి. ఫోటోలను పెద్దవి చేసే ఎన్‌లార్జర్ కటకాలకూ 39 మి.మీ. మరే ఉంటుంది. తొలినాటి జెనిట్ ఎస్.ఎల్.ఆర్. కటకాలదీ ఆ కొలతే. అవి బిగుస్తాయి గాని, మీటను నెట్టవు, ఫోకస్ కుదరదు. కటకం వెనక అంచున మీటను తాకే లోహపు రింగు ఉందో లేదో చూసుకోవాలి.

తరువాత ఎఫ్ సంఖ్య. ఎఫ్/2.8 కన్నా ఎఫ్/2 రెట్టింపు కాంతిని పోనిస్తుంది, ఎఫ్/1.4 నాలుగింతలు. అందుకు పెద్ద గాజులు కావాలి, ధర ఎగబాకుతుంది. కాని ఇందాకటి లెక్క గుర్తు చేసుకోండి. కటకం ఎంత పెద్దగా తెరుచుకుంటే తప్పును అంత తక్కువగా క్షమిస్తుంది. కాబట్టి మొదటి కటకంగా 50 మి.మీ., ఎఫ్/2.8 లేదా ఎఫ్/3.5 చాలు. నాలుగు గాజుల టెస్సార్ అమరిక 1902లో జర్మనీలోని జెయిస్ సంస్థలో పుట్టింది. దాని బాటలో వచ్చినవే సోవియట్ ఇండస్టార్ కటకాలు. వాటిలో ఇండస్టార్-61లో లాంథనం కలిసిన గాజు వాడారు. లాంథనం గాజు కాంతిని ఎక్కువగా వంచుతుంది. ఎఫ్/2 కావాలంటే జూపిటర్-8 ఉంది. దానికి మూలం లుడ్విగ్ బెర్టెలే రూపొందించిన జెయిస్ సోనార్. 35 మి.మీ. జూపిటర్-12 వెనక గాజు కెమేరా లోపలికి బాగా పొడుచుకు వస్తుంది. మీ కెమేరాలో తగలదని తెలుసుకోనిదే బిగించకండి.

పేరు చూసి డబ్బు ఇవ్వకండి. ఫెడ్, జోర్కి సరుకు మీద లైకా, ఎల్మార్ అని చెక్కి అమ్మేవాళ్ళున్నారు. అసలైన 50 మి.మీ. ఎల్మార్‌లో కాంతిని తగ్గించే రేకులు మొదటి గాజు వెనకే ఉంటాయి. నకిలీలో రెండో గాజు వెనక కనిపిస్తాయి. చెక్కిన అక్షరాలు అబద్ధం చెప్పవచ్చు, లోపలి అమరిక చెప్పలేదు.

టార్చిలైటు పరీక్ష

దుకాణానికి ఒక చిన్న టార్చిలైటు పట్టుకెళ్ళండి. కటకాన్ని పూర్తిగా తెరిచి, వెనక నుంచి కాంతి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి.

ముందు గాజు మీద సన్న గీత కనిపించిందా? కంగారు పడకండి. ఇంట్లో భూతద్దంతో కిటికీ ప్రతిబింబాన్ని గోడ మీద పట్టి, అద్దం మీద సన్నని కాగితం ముక్క అంటించండి. గోడ మీద కాగితం బొమ్మ పడదు. కిటికీ బొమ్మ మొత్తం ఉంటుంది, వెలుగు కొంచెం తగ్గుతుంది, అంతే. ఎందుకంటే ప్రతిబింబంలోని ప్రతి బిందువుకూ కటకంలోని అన్ని భాగాల నుంచీ కాంతి వస్తుంది. 25 మి.మీ. వ్యాసం గల గాజు వైశాల్యం సుమారు 490 చదరపు మిల్లీమీటర్లు. పది మి.మీ. పొడవు, 0.1 మి.మీ. వెడల్పు గల గీత అందులో ఒక్క చదరపు మిల్లీమీటరు! అలాంటి గీతను చూపి ధర తగ్గించమని అడగవచ్చు. వెనక గాజు మీది గీత మాత్రం ఇంతకన్నా చెరుపు చేస్తుంది.

గాజు లోపల పొగమంచులా తెల్లగా ఉంటే జాగ్రత్త. గీత ఒకచోటే ఉంటుంది, పొగ గాజంతా పరచుకుని కాంతిని చెల్లాచెదురు చేస్తుంది. ఫోటోలో నలుపు బూడిదరంగవుతుంది. సాలెగూడులా సన్నని దారాలుంటే అది బూజు. తేమలో పెరిగి గాజు పైపూతను తినేస్తుంది. అంచున ఇంద్రధనుస్సు రంగుల మరక ఉంటే రెండు గాజులను కలిపిన జిగురు విడిపోతోందని అర్థం. బూజు బాగా పట్టినవీ, జిగురు విడినవీ చవకగా ఇచ్చినా వద్దు.

చివరగా, గాజులో ట్యూబులైటు ప్రతిబింబం చూడండి. తెల్లగా ఉంటే పైపూత లేనట్టే. నీలంగానో ఊదాగానో ఉంటే పూత ఉంది. పూత లేని గాజు ఒక్కో తలం దగ్గర సుమారు 4 శాతం కాంతిని వెనక్కు కొడుతుంది. గాలిని తాకే తలాలు ఆరుంటే దాదాపు 22 శాతం ఫిల్మును చేరదు. 1935లో జెయిస్‌లో అలెగ్జాండర్ స్మాకులా కనిపెట్టిన పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది.

అగ్గిపెట్టెల పరీక్ష

ఇదే అసలు పరీక్ష. నేను చెయ్యనిది ఇదే.

వెనక తలుపు తెరుచుకునే కెమేరా కావాలి. ఫిల్ము లేకుండా, ఫిల్ము ఉండే చోట పారభాసకమైన తెల్ల టేపును ముడతలు లేకుండా బిగువుగా అంటించండి. బల్ల మీద అయిదు అగ్గిపెట్టెలను ఒకదాని వెనక ఒకటి, 3 సెం.మీ. ఎడంగా, ఒకదానికొకటి అడ్డు రాకుండా ఏటవాలుగా నిలబెట్టండి. మూడోది కెమేరాకు మీటరు దూరంలో ఉండాలి. వాటి మీద దీపం వెలుగు పడనివ్వండి. కిటికీలోంచి చూసి మూడో పెట్టె బొమ్మలను ఒకటి చెయ్యండి. కటకాన్ని పూర్తిగా తెరిచి, షట్టరును "బి" గుర్తు మీద పెట్టి నొక్కి పట్టుకోండి. టేపు మీద తలకిందులుగా పడ్డ బొమ్మను భూతద్దంతో చూడండి. మూడో పెట్టె అన్నిటికన్నా స్పష్టంగా ఉంటే కటకం, కెమేరా పొత్తు కుదిరినట్టే. దుకాణదారు ఒప్పుకుంటే అక్కడే చెయ్యండి. లేదా వారంలోగా తిరిగి ఇచ్చే షరతు మీద కొనండి.

కొన్న తరువాత రెండు జాగ్రత్తలు. లైకా, ఫెడ్, జోర్కి వంటి పాత కెమేరాల షట్టరు రబ్బరు పూసిన గుడ్డ తెర. మూత తీసిన కటకాన్ని సూర్యుడి వైపు పెట్టి వదిలేస్తే, భూతద్దం కాగితాన్ని కాల్చినట్టు తెరకు చిల్లు పడుతుంది. రెండోది, కటకాన్ని తోలు సంచిలో మూసి ఉంచకండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో ఉంచండి.

నా కటకాన్ని నేను పారెయ్యలేదు. మేనమామ కెమేరాతో సహా మా బడి ప్రయోగశాలలో ఉంది. ఏటా పదో తరగతి పిల్లలకు ఇచ్చి, ఇందులో లోపమేమిటో చెప్పమంటాను. అందరూ ముందు గాజు మీద గీతల కోసం వెతుకుతారు. మొన్న ఒక అమ్మాయి అగ్గిపెట్టెలు పేర్చి, చాలాసేపు భూతద్దంలో చూసి తలెత్తింది.

"మాస్టారూ, మూడోది కాదండీ, నాలుగోది బాగా కనిపిస్తోంది."