జరిగిన పెళ్లి జరగలేదంటే? సూపర్‌హీరో కామిక్స్‌లో మారిపోయే గతంపై అభిమానుల ఆగ్రహం ఎందుకు?

స్పైడర్‌మ్యాన్‌గా ప్రపంచానికి తెలిసిన పీటర్ పార్కర్‌కు, మేరీ జేన్ వాట్సన్‌కు 1987లో మార్వెల్ కామిక్స్ పుటల్లో వివాహం జరిగింది. ఇరవై ఏళ్లపాటు పాఠకులు ఆ దాంపత్యాన్ని నెలనెలా చదువుతూ వచ్చారు. 2007 చివరికి వచ్చేసరికి వారిద్దరూ భార్యాభర్తలు కారు. విడాకులు తీసుకోలేదు, ఇద్దరిలో ఎవరూ మరణించలేదు. అసలు ఆ వివాహమే జరగలేదన్నట్లుగా ప్రచురణ సంస్థ కథను మార్చేసింది.

‘వన్ మోర్ డే’ పేరుతో వెలువడిన ఆ కథలో, తుపాకీ గుండు తగిలి మృత్యుముఖంలో ఉన్న ఆంట్ మేను బతికించుకునేందుకు పీటర్ దంపతులు మెఫిస్టో అనే దుష్టశక్తితో ఒప్పందం చేసుకుంటారు. ఒక ప్రాణానికి బదులుగా తమ వివాహాన్ని వదులుకుంటారు. పెళ్లయిన కథానాయకుడు వయసు మళ్లినవాడిగా కనిపిస్తాడని, కథలకు అవకాశాలు తగ్గుతాయని నాటి ప్రధాన సంపాదకుడు జో కెసాడా భావించారు. కథ ముగింపుపై రచయిత జె. మైకేల్ స్ట్రాజిన్స్కీ తన విభేదాన్ని బహిరంగంగానే వెల్లడించారు. అభిమానుల అసంతృప్తి నేటికీ చల్లారలేదు.

ఇది ఒక్క స్పైడర్‌మ్యాన్‌కు పరిమితమైన సంగతి కాదు. దశాబ్దాలుగా సాగుతున్న అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో గతం తరచూ మారిపోతూ ఉంటుంది. మరణించినవారు తిరిగి వస్తారు. పుట్టుపూర్వోత్తరాలు మారతాయి. ఒక్కోసారి విశ్వం మొత్తం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కల్పిత పాత్రల విషయంలో పాఠకులు ఇంతగా ఎందుకు నొచ్చుకుంటారో అర్థం కావాలంటే, ఈ కథలు పాఠకులతో ఏర్పరచుకున్న బంధాన్ని ముందుగా చూడాలి.

జ్ఞాపకం పెట్టుకోమన్నది ప్రచురణకర్తలే

1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికతో సూపర్‌మ్యాన్ పాఠకుల ముందుకు వచ్చాడు. ఆ తొలి దశాబ్దాలలో చాలా కథలు దేనికవే పూర్తయ్యేవి. చదివేది పిల్లలు, కొన్నేళ్లకు వారు పెద్దవారై కామిక్స్ మానేస్తారు, వారి స్థానంలో కొత్త పిల్లలు వస్తారు అన్నది సంపాదకుల అంచనా. పాత కథతో కొత్త కథ పొసగకపోయినా పట్టించుకునేవారు తక్కువ.

1960లలో మార్వెల్ ఈ పద్ధతిని మార్చింది. స్టాన్ లీ, జాక్ కర్బీ, స్టీవ్ డిట్కో తదితరులు రూపొందించిన కథలన్నీ ఒకే లోకంలో జరిగేవి. ఒక పత్రికలో జరిగిన యుద్ధం ప్రభావం మరో పత్రికలో కనిపించేది. ఇలా ఒకదానితో ఒకటి పొసగుతూ సాగే కథాక్రమాన్నే అభిమానులు ‘కంటిన్యుటీ’ అంటారు. కథలో పొరపాటు కనిపెట్టి, అది ఎందుకు పొరపాటు కాదో తెలివిగా వివరించిన పాఠకులకు మార్వెల్ ‘నో ప్రైజ్’ అనే సరదా బహుమతిని పంపేది. బహుమతి పేరు రాసిన ఖాళీ కవరు మాత్రమే అది. అయినా దానికోసం పాఠకులు పాత సంచికలు తిరగేసేవారు.

1973లో పీటర్ ప్రేయసి గ్వెన్ స్టేసీ మరణించినప్పుడు ఆ కథ పాఠకులను కలచివేసింది. కథలో జరిగినదానికి ఫలితం ఉంటుందని, అది చెరిగిపోదని వారు నమ్మారు. ఈ నమ్మకాన్ని కలిగించింది ప్రచురణకర్తలే. తర్వాతి కాలపు తగవంతా దాని చుట్టూనే తిరిగింది.

వయసు పెరగని వీరులు, ఆగని కాలం

గతాన్ని మార్చక తప్పని పరిస్థితి కూడా ఒకటుంది. అది కాలం తెచ్చే చిక్కు. ఐరన్ మ్యాన్ 1963లో తొలిసారి కనిపించినప్పుడు, టోనీ స్టార్క్ గాయపడి శత్రువులకు చిక్కింది వియత్నాం యుద్ధరంగంలో. ఆ లెక్కన నేడు అతడు ముదుసలి కావాలి. అందుకే తర్వాతి కథల్లో ఆ యుద్ధరంగం అఫ్గానిస్థాన్‌కు మారింది. చివరకు 2019లో మార్వెల్ ‘సియాన్‌కాంగ్’ అనే కల్పిత ఆసియా దేశాన్ని, అక్కడొక కల్పిత యుద్ధాన్ని చేర్చింది. కల్పిత యుద్ధానికి చరిత్ర పుస్తకాలలో తేదీ ఉండదు కనుక దాన్ని ఎంతకాలమైనా ముందుకు జరుపుకోవచ్చు.

భారతీయ పాఠకులకు 1964 నుంచి ఇంద్రజాల్ కామిక్స్ ద్వారా సుపరిచితుడైన ఫాంటమ్ విషయంలో ఈ చిక్కు లేదు. సృష్టికర్త లీ ఫాక్ 1936లోనే దీనికొక మార్గం చూపారు. ముసుగు తండ్రి నుంచి కొడుకుకు వారసత్వంగా వస్తుంది. ప్రస్తుత కథానాయకుడు ఆ వంశంలో 21వ వాడు. కానీ సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ సినిమాలకు, బొమ్మలకు, దుస్తులకు ఆధారమైన వ్యాపార చిహ్నాలు. ఆ ముఖాలను శాశ్వతంగా మార్చేందుకు యాజమాన్యాలు సిద్ధపడవు. వీరులు యవ్వనంలోనే ఉండాలి, కథ మాత్రం సాగుతూనే ఉండాలి. ఈ రెండూ కుదరాలంటే వారి వెనకున్న గతం కదలక తప్పదు.

ఒకసారి తుడిచిన పలక

డీసీ కామిక్స్ చిక్కు ఇంకా పెద్దది. 1961లో వచ్చిన ఒక ఫ్లాష్ కథలో పాత తరం ఫ్లాష్, కొత్త తరం ఫ్లాష్ కలుసుకుంటారు. ఇద్దరూ వేర్వేరు భూగోళాలకు చెందినవారని ఆ కథ చెప్పింది. ఆ తర్వాత అలాంటి భూగోళాల సంఖ్య పెరుగుతూ పోయింది. కొత్త పాఠకులకు తల తిరిగిపోతోందని భావించిన సంస్థ, 1985-86లో మార్వ్ వుల్ఫ్‌మన్ రచన, జార్జ్ పెరెజ్ చిత్రాలతో 12 సంచికల ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ప్రచురించింది. లోకాలన్నీ ఒక్కటయ్యాయి. సూపర్‌గర్ల్, ఫ్లాష్ బ్యారీ ఆలెన్ మరణించారు.

చిక్కుముడి ఒక్కసారికి విప్పితే పాఠకులు సహించేవారేమో. కానీ ఆ సవరణలో మిగిలిన లొసుగులను సరిచేసేందుకు 1994లో ‘జీరో అవర్’, 2005-06లో ‘ఇన్ఫినిట్ క్రైసిస్’ వచ్చాయి. 2011లో ‘ఫ్లాష్‌పాయింట్’ తర్వాత ‘న్యూ 52’ పేరుతో 52 పత్రికలు ఒకటో సంచిక నుంచి మొదలయ్యాయి. 2016లో ‘రీబర్త్’ పేరుతో పాత సంగతులు కొన్ని తిరిగి వచ్చాయి. చిక్కు విప్పేందుకు చేపట్టిన ప్రతి సవరణా మరో చిక్కుముడిని మిగిల్చింది.

‘యాక్షన్ కామిక్స్’ సంచికల సంఖ్యే దీనికి నిదర్శనం. 1938 నుంచి 904వ సంచిక దాకా వచ్చిన ఆ పత్రిక, 2011లో మళ్లీ ఒకటో సంచికగా మొదలై 52 దాకా నడిచింది. 2016లో ఆ 52ను పాత లెక్కకు కలిపి 957వ సంచికగా వెలువడింది. 2018లో వెయ్యో సంచికను ఘనంగా విడుదల చేశారు. కొత్త ఆరంభం అన్న మాటా, పాత వారసత్వం అన్న మాటా రెండూ అమ్మకానికి పనికివచ్చాయి.

ఒకటో సంచిక వెనక వ్యాపారం

అమెరికాలో కామిక్స్ దుకాణాలు చాలాకాలంగా తిరిగి పంపే వీలులేని పద్ధతిలో సరుకు కొంటున్నాయి. అమ్ముడుపోని ప్రతుల నష్టం దుకాణదారుదే. ఒకటో సంచికకు గిరాకీ ఎక్కువ, ఆ తర్వాత ఆర్డర్లు సాధారణంగా తగ్గుతూ పోతాయి. అందుకే కొద్దికాలానికే మరో కొత్త ఆరంభం ప్రచురణకర్తలను ఊరిస్తుంది. పాత్రలు సంస్థలవి, రచయితలు వచ్చిపోయేవారు. ప్రతి కొత్త రచయితా తనదైన ముద్ర వేయాలనుకోవడం సహజం. మునుపటి రచయిత కట్టినదాన్ని కూల్చడం అందుకు దగ్గరి దారి.

1988లో డీసీ మరింత ముందుకు వెళ్లింది. బ్యాట్‌మ్యాన్ సహచరుడు రాబిన్‌గా ఉన్న జేసన్ టాడ్ బతకాలా, చావాలా అన్నది పాఠకులే ఫోన్ ద్వారా ఓటు వేసి చెప్పాలంది. ఒక్కో కాల్‌కు 50 సెంట్లు. చావాలని 5,343, బతకాలని 5,271 ఓట్లు వచ్చాయి. 72 ఓట్ల తేడాతో అతడు మరణించాడు. 2005లో సజీవంగా తిరిగి వచ్చాడు. డబ్బు చెల్లించి ఓటు వేసిన పాఠకుడి తీర్పుకే విలువ లేనప్పుడు, మరే మలుపుకు విలువ ఉంటుందన్న ప్రశ్న తలెత్తింది.

బార్బరా గోర్డన్ చక్రాల కుర్చీ

కథాక్రమం మార్పు నిజ జీవితాలను ఎలా తాకుతుందో చెప్పే ఉదాహరణ బార్బరా గోర్డన్. ఒకప్పుడు బ్యాట్‌గర్ల్‌గా ఉన్న ఆమెపై 1988 నాటి ‘ది కిల్లింగ్ జోక్’ కథలో జోకర్ కాల్పులు జరుపుతాడు. ఆమె నడవలేని స్థితికి చేరుతుంది. మరుసటి ఏడాది రచయితలు కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ ఆమెను ‘ఒరాకిల్’గా తీర్చిదిద్దారు. చక్రాల కుర్చీలో కూర్చునే, కంప్యూటర్ల ద్వారా సమాచారం సేకరించి సూపర్‌హీరోలకు దారి చూపే మేధావిగా ఆమె నిలిచింది. వైకల్యం ఉన్న పాఠకులు ఎందరికో ఆమె ఆత్మీయురాలైంది.

2011 నాటి పునరారంభంలో ఆమె చికిత్సతో కోలుకుని తిరిగి నడిచింది, మళ్లీ బ్యాట్‌గర్ల్ అయింది. రచయిత్రి గెయిల్ సిమోన్ ఆ కథను శ్రద్ధగానే నడిపారు, మెచ్చినవారూ ఉన్నారు. అయినా, తమలాంటి వ్యక్తి నాయకురాలిగా కనిపించే అరుదైన స్థానం పోయిందని వైకల్యం ఉన్న పాఠకులు ఆవేదన చెందారు. రెండు దశాబ్దాలకు పైగా ఆమె సాధించుకున్న గుర్తింపు వెనక్కి వెళ్లిపోయింది.

గతానికి చేర్చడం వేరు, చెరిపేయడం వేరు

అభిమానులు ఏ మార్పునూ ఒప్పుకోరన్న విమర్శ తరచూ వినిపిస్తుంది. అది పూర్తిగా నిజం కాదు. కెప్టెన్ అమెరికా సహచరుడు బకీ రెండో ప్రపంచ యుద్ధంలో మరణించాడన్నది 1960ల నుంచి స్థిరపడిన విషయం. రచయిత ఎడ్ బ్రుబేకర్, చిత్రకారుడు స్టీవ్ ఎప్టింగ్ 2005లో అతణ్ని వింటర్ సోల్జర్‌గా తిరిగి తెచ్చారు. పాఠకులు ఆ కథను ఆదరించారు, 2014లో అది సినిమాకు ఆధారమైంది. కెప్టెన్ అమెరికా దశాబ్దాలుగా మోసిన అపరాధ భావాన్ని ఆ కథ చెరిపేయలేదు, మరింత బరువెక్కించింది. పాత సంచికలు చదివినవారికి అందులో మరో అర్థం దొరికింది.

కొత్త రూపం ఇవ్వదలిస్తే మరో మార్గమూ ఉంది. పాతదాన్ని ఉన్నచోటే ఉంచి, పక్కనే వేరొక లోకాన్ని నిర్మించడం. మార్వెల్ 2000లో మొదలుపెట్టిన ‘అల్టిమేట్’ పత్రికలు అలాంటివే. 2011లో మైల్స్ మొరాలెస్ అక్కడే పుట్టాడు. 2004లో భారత్ నేపథ్యంగా వచ్చిన స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ కూడా ఇలా పక్క లోకంవాడే. 2023లో తెలుగు సహా పలు భారతీయ భాషల్లో విడుదలైన ‘స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ది స్పైడర్‌వర్స్’ చిత్రంలో వీరందరూ ఒకే తెరపై కనిపించారు. తెలుగువారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. రామాయణాన్ని ఎందరు కవులు ఎన్ని తీరుల చెప్పినా, ఒకరి కావ్యం మరొకరి కావ్యాన్ని రద్దు చేయలేదు.

2024 జనవరిలో జోనథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెట్టో చిత్రాలతో మొదలైన సరికొత్త ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’లో పీటర్ పార్కర్ నడివయసువాడు. భార్య మేరీ జేన్, ఇద్దరు పిల్లలు. పెళ్లయిన స్పైడర్‌మ్యాన్‌కు ఆదరణ ఉండదన్న పాత వాదనకు ఆ పత్రిక అమ్మకాలే జవాబు చెప్పాయి. తొలి సంచికను పలుమార్లు పునర్ముద్రించాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో డీసీ విడుదల చేసిన ‘అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’కూ అలాంటి స్పందనే లభించింది.

దీర్ఘకాల పాఠకులలో చాలామంది ఇప్పుడు తమ పద్ధతిని మార్చుకుంటున్నారు. పాత్ర వెంట కాకుండా మెచ్చిన రచయిత వెంట వెళ్తున్నారు. నెలవారీ సంచికలు మానేసి, ఆదీ అంతమూ ఉన్న కథల సంపుటాలను కొంటున్నారు. నచ్చిన చోట తమ మటుకు కథ ముగిసిందని నిర్ణయించుకుని ఆగిపోయేవారూ ఉన్నారు. స్పైడర్‌మ్యాన్ ప్రధాన కథాక్రమంలో ఆ వివాహం ఇంకా తిరిగి రాలేదు. 1987 నాటి పెళ్లి సంచికను దాచుకున్నవారు మాత్రం దాన్ని ఇప్పటికీ తీసి చదువుకోవచ్చు.