నేలలో పైకెక్కే నీరు

సన్నని గాజు గొట్టాన్ని నీళ్లలో నిలబెడితే, లోపలి నీరు బయటి మట్టాన్ని దాటి పైకి ఎక్కుతుంది. గొట్టం బోలు ఒక మిల్లీమీటరైతే సుమారు 3 సెంటీమీటర్లు, అందులో పదో వంతైతే 30 సెంటీమీటర్లు. ఈ లెక్కను 1718లో ఇంగ్లండువాడు జేమ్స్ జూరిన్ తేల్చాడు.

గాజు తనకు ఆనిన నీటి అణువులను గట్టిగా లాగుతుంది. దాంతో అంచున నీరు గోడను పట్టుకుని పాకుతుంది. తలతన్యత వల్ల నీటి పైపొర బిగువుగా ఉంటుంది కాబట్టి నడుమనున్న నీరూ దాని వెంటే లేస్తుంది. ఎక్కిన నీటి బరువు ఆ లాగుడుకు సరితూగినచోట ఆగుతుంది. బోలు సగానికి తగ్గితే పట్టుకునే అంచు సగమవుతుంది, అదే ఎత్తుకు మోయాల్సిన నీరు మాత్రం నాలుగో వంతే. ఎత్తు రెట్టింపయ్యేది అందుకే. పాదరసానికి గాజు అంటదు. అది గొట్టంలో కిందికి దిగుతుంది.

మట్టి రేణువుల మధ్య సందులూ ఇలాంటి గొట్టాలే. ముతక ఇసుకలో నీరు కొద్ది సెంటీమీటర్లకు మించి లేవదు. నల్లరేగడిలో చాలా ఎత్తుకు లేవగలదు, కాకపోతే సందులు మరీ ఇరుకై నత్తనడకన. దర్శి ప్రాంతపు మెట్ట పొలాల్లో వాన వెలిశాక గుంటక తోలడంలో ఒక ప్రయోజనం ఇదే: పై మన్ను పొడైతే సన్నని దారులు తెగి, కింది పదును ఎండ పాలు కాదు. కలుపు చావడం, రేగడిలో నెర్రెలు పూడటం వల్ల మిగిలే తేమ కూడా తక్కువేం కాదు.

ఇదే గుణం కీడూ చేస్తుంది. సాగర్ కుడి కాలువ కిందైనా, మరే కాలువ కిందైనా మురుగు నీరు పోయే దారి లేకపోతే భూగర్భ జలం పైకొస్తుంది. అది మీటరు, రెండు మీటర్ల లోతుకు చేరితే ఉప్పు కలిసిన నీరు సందుల గుండా నేల మీదికి ఎక్కుతుంది. నీరు ఆవిరై ఉప్పు మిగిలి, పొలం చౌడుబారుతుంది. గుంటక దీనికి మందు కాదు. కాలువలు తవ్వి మురుగు తీయాల్సిందే.

ఇటుక గోడల అడుగున తెల్లగా ఉప్పు పూసి సున్నం రాలడానికీ కారణం ఈ ఎక్కుడే. 19వ శతాబ్దపు ఇంగ్లండులో దీన్ని ఆపడానికి పునాదికీ గోడకూ మధ్య పలకరాయి పరిచేవారు. బడిపిల్లల పలకలకు పేరుపడ్డ మార్కాపురం రాయిదీ ఆ జాతే. అందులో నీరు పాకడానికి తగినన్ని సందులుండవు.