లేరన్నవాళ్లకు 354 మందిని చూపారు

"మన ఊళ్ల గురించి రాయడానికి ఏమున్నది?" అని చాలామంది అంటారు. సురవరం ప్రతాపరెడ్డి అట్లా అనుకోలేదు.

ఆయనది ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. 1896లో పుట్టారు. కర్నూలులో, మద్రాసులో చదివారు. వకీలు చదువు చదివారు. కానీ మనసంతా తెలుగు మీదే.

అప్పుడు ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. ఇంట్లో తెలుగు. కచేరీలో ఉర్దూ. పై చదువులు కూడా ఉర్దూలోనే. 1926లో ప్రతాపరెడ్డి హైదరాబాదులో 'గోలకొండ పత్రిక' పెట్టారు. అది తెలుగులో వారానికి రెండుసార్లు వచ్చేది.

1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగింది. ఆయనే దానికి అధ్యక్షులు. అక్కడే ఆడవాళ్ల సభ కూడా పెట్టారు. దానికి అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ. ఆడవాళ్లు గడప దాటడమే కష్టమైన రోజులవి!

ఆ కాలంలోనే ఒకాయన, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని రాశారు. ప్రతాపరెడ్డికి ఆ మాట గుచ్చుకుంది. కానీ తిట్టుకుంటూ కూర్చోలేదు. కవులను పద్యాలు పంపమని అడిగారు. ఊరూరి నుంచి పద్యాలు వచ్చాయి. రాకేం? గద్వాల, వనపర్తి సంస్థానాలు ఎప్పటినుంచో కవులను ఆదరించినవే కదా. 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది. అందులో ఎంతమంది కవులో తెలుసా? 354 మంది!

తర్వాత ఆయన ఇంకో పెద్ద పని చేశారు. చరిత్ర పుస్తకాల్లో రాజులుంటారు, యుద్ధాలుంటాయి. మరి మామూలు జనం ఏం తిన్నారు? ఏం కట్టుకున్నారు? ఏ నగలు పెట్టుకున్నారు? పిల్లలు ఏ ఆటలు ఆడారు? ఇవి ఎవరు రాశారు? ఆయన పాత కావ్యాలు, కథలు, సామెతలు వెదికారు. పద్యంలో ఒక కూర పేరు వచ్చినా, ఒక ఆట పేరు వచ్చినా వదల్లేదు. శ్రీనాథ కవి పల్నాడు పోయి, సన్నబియ్యం దొరకక, జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని పద్యాలున్నాయి. జొన్నరొట్టె తినే పాలమూరు వాళ్లకు నవ్వొస్తుంది గానీ, ఆ ఊళ్లో అప్పుడు ఏం తినేవారో ఆ విసుగు వల్లనే తెలిసింది. ఇట్లా ఏరి కూర్చిందే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది.

1952 ఎన్నికల్లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు. మరుసటి ఏడే, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి అందుకున్న మొదటి పుస్తకం అదే. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.