నాలుగో స్టేజీలో కాలినడక

ఉగాది దగ్గరపడితే ఆదోని, ఎమ్మిగనూరు రోడ్ల మీద కన్నడ భక్తుల సందడి మొదలవుతుంది. శ్రీశైలం మల్లన్న దగ్గరికి కాలినడక. మరగాళ్లు, అంటే పొడవాటి కర్రకాళ్లు, కట్టుకుని నడిచేవాళ్లూ కనిపిస్తారు. దారి పొడవునా ఊళ్లవాళ్లు షామియానాలు వేసి మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు, వాచిన కాళ్లకు నూనె రాస్తారు. వందల కిలోమీటర్ల నడక ఎలా సాగుతుందో ఈ ప్రాంతంవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మరి ఆ నడిచే మనిషికి క్యాన్సర్ నాలుగో స్టేజీలో ఉంటే? తనలాంటి రోగుల కోసం చందాలు పోగుచేస్తూ నడుస్తుంటే? కొందరు దేవుడి మహిమ అంటారు, ఇంకొందరు చావు కొనితెచ్చుకోవడం అంటారు. డాక్టర్ల లెక్క వేరు.

నాలుగో స్టేజీ అంటే జబ్బు పుట్టినచోటు దాటి ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకిందని. రేపోమాపో అని దానర్థం కాదు. చాలా రకాల్లో పూర్తిగా నయం చేయలేకపోయినా, మందులతో అదుపులో పెట్టవచ్చు. రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లలో అలా ఏళ్ల తరబడి తమ పని తాము చేసుకునేవాళ్లున్నారు.

ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన జేన్ టాంలిన్సన్ అలాంటి మనిషే. ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగి. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని 2000లో తేలింది. ఆరు నెలలన్నారు, ఏడేళ్లు బతికారు. ఈలోగా 2002లో లండన్ మారథాన్ పరుగెత్తారు, 2006లో అమెరికాను ఈ చివరి నుంచి ఆ చివరికి సైకిల్ మీద దాటారు. 2007 సెప్టెంబరులో చనిపోయేనాటికి 17 లక్షల పౌండ్లకు పైగా చందాలు పోగుచేశారు.

కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ కథ ఇంకోరకం. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో, 18 ఏళ్లకే, కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ నుంచి కృత్రిమ కాలితో, క్యాన్సర్ పరిశోధనకు చందాల కోసం పరుగు మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు, వెనకాల ఒక స్నేహితుడు నడిపే వ్యాను. మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. పోర్ట్ ఓ బాస్క్ అనే ఊరు మాత్రం పదివేల జనాభాకు పదివేల డాలర్లు ఇచ్చింది. తలకో డాలరన్న మాట! 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక థండర్ బే దగ్గర దగ్గు, ఛాతీనొప్పి. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని అప్పుడు తెలిసింది. మరుసటి జూన్‌లో, 22 ఏళ్లకు, పోయాడు. ఆలోపే చందాలు 2.4 కోట్ల డాలర్లు దాటాయి. అంటే అప్పటి కెనడాలో మనిషికో డాలరు. అయితే దారిలో అతను వైద్యపరీక్షలకు వెళ్లలేదు. ఎంత గొప్పవాడైనా ఆ ఒక్క విషయంలో అతన్ని చూసి నేర్చుకోకూడదు.

ఎందుకంటే ఈ నడకలో ప్రమాదం ఆయాసం దగ్గర లేదు. కొద్దికొద్దిగా నడిస్తే నీరసం తగ్గుతుందని డాక్టర్లే చెబుతారు. భయపడాల్సింది ఎముకల గురించి. జబ్బు తినేసిన తొడ ఎముక మామూలు అడుగుకే విరగొచ్చు, అందుకే బయల్దేరేముందు స్కాన్. కొన్ని కీమో మందుల వల్ల అరికాళ్లు మొద్దుబారతాయి, బొబ్బ లేచినా తెలియదు. సాయంత్రం బూట్లు విప్పించి, వేళ్ల సందులు కూడా వెలుతురులో ఎవరో ఒకరు చూడాలి. కీమో నడుస్తుండగా 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆస్పత్రికి. కాళ్లలో బలం తప్పినా, మూత్రం ఆగిపోయినా అంతే, వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి. ఇక మన దారి మర్యాద ఒకటుంది కదా, వాచిన కాలికి నూనె మర్దన. ఒక్క కాలే వాచి నొప్పి పెడుతుంటే దాన్ని ముట్టుకోవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మన ఎండల సంగతి సరేసరి, పొద్దు ఎక్కకముందే ఆగాలి.

ఇంకోమాట. ఇలాంటివాళ్ల ఫొటో చూపించి, మంచంలో ఉన్న మనిషిని "చూడు, వాళ్లు నడిచారు, నువ్వు లేవవా" అనడం క్రూరత్వం. ఎవరి జబ్బు ఎక్కడికి పాకిందన్నది ధైర్యాన్ని బట్టి ఉండదు.

చందా డబ్బు పరిశోధనకే పోవాలని లేదు. సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోయే ఇంట్లో ఒకరు పడకేస్తే, కర్నూలుకో బళ్లారికో హైదరాబాదుకో వెంట తిరగడానికి ఇంకొకరి కూలీ పోతుంది. బస్సు, గది, తిండి ఖర్చులు ఆస్పత్రి బిల్లులో కనిపించవు. నొప్పి మందు ఇంకో కొరత. ముదిరిన క్యాన్సర్ నొప్పికి నమ్మకమైన మందు మార్ఫిన్. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన ఆస్పత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఒక్కటి చాలు. అయినా అది అన్నిచోట్లా దొరకదు. నడిచే మనిషికి అది దారిలోనే అవసరం పడవచ్చు. ఏ ఊళ్లో ఏ ఆస్పత్రి మార్ఫిన్ ఉంచుతుందో బయల్దేరకముందే కనుక్కుని, లేనిచోట దాన్ని తెప్పించడానికే మొదటి చందా కేటాయిస్తే ఆ దారిలోని మిగతా రోగులకూ అందుతుంది.