ముప్పై దాటాక ఫారెస్ట్ ఉద్యోగం వస్తుందా? ముందు ఈ లెక్క చూసుకోండి

ఈ ఎపిసోడ్ మా ధూళిమిట్ట నుంచే మాట్లాడుతున్నా. సిద్దిపేట జిల్లాలో మాది చిన్న మండలం. బైరాన్‌పల్లి బురుజు గురించి విన్నారు కదా, అది మా మండలంలోదే. మా దగ్గర పెద్ద అడవి లేదు. గుట్టలు, మోదుగ చెట్లు, సీతాఫలం పొదలు, చెరువు గట్ల మీద తాళ్లు, ఈతలు. అంతే. అయినా ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న అడవి గురించే.

మొన్న మా ఊరి అన్న ఒకాయన అడిగిండు. వయసు 36. హైదరాబాద్‌లో పదేళ్లుగా ప్రైవేట్ ఉద్యోగం. "ఇగ ఈ పని నాతోని కాదురా. జాబ్ మానేసి కోచింగ్‌ల చేరుతా. ఫారెస్ట్ ఆఫీసర్ అయితే జంతువులను, చెట్లను కాపాడుకుంట బతుకొచ్చు కదా?" అన్నడు. ఆలోచన మంచిదే. కానీ జాబ్ మానేసే ముందు చూసుకోవాల్సిన లెక్క ఒకటుంది. మీకు 22 ఉన్నా సరే, 26 ఉన్నా సరే, ఈ లెక్క మీకు కూడా అవసరమే. ఎందుకో చెప్తా.

ముందుగా, ఇంగ్లిష్ వీడియోల్లో కనిపించే "కన్జర్వేషన్ ఆఫీసర్" అనే పోస్టు అమెరికా రాష్ట్రాల్లో ఉంటుంది. వేటను, చేపల పట్టివేతను చూసుకునే పోలీసు లాంటి ఉద్యోగం అది. మన దగ్గర ఆ పని చేసేది అటవీశాఖ. అడవిని బీట్లుగా విడగొడతారు. కొన్ని బీట్లు కలిస్తే సెక్షన్, కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజ్. బీట్‌కు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, అంటే ఎఫ్‌బీఓ. సెక్షన్‌కు సెక్షన్ ఆఫీసర్, రేంజ్‌కు రేంజ్ ఆఫీసర్. వాళ్ల పైన డివిజన్, జిల్లా అధికారులు.

ఇప్పుడు వయసు సంగతి. ఇది యూనిఫాం ఉద్యోగం. మామూలు ఆఫీసు ఉద్యోగాలకు ఇచ్చినంత వయసు వెసులుబాటు దీనికి ఉండదు. 2017లో టీఎస్‌పీఎస్సీ 1,857 ఎఫ్‌బీఓ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఇంటర్ పాసైతే చాలు. కానీ గరిష్ఠ వయసు 31. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు సడలింపు వేరే ఉంటుంది. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ అయితే జనరల్‌కు 32, బీసీకి 35, ఎస్సీ, ఎస్టీలకు 37. దానికి డిగ్రీ కూడా వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతిక, రసాయన, గణితం, వ్యవసాయం, ఇంజనీరింగ్ లాంటి సబ్జెక్టుల్లో ఉండాలి. బీఏ, బీకాం మాత్రమే ఉంటే కుదరదు.

కాబట్టి మొదటి లెక్క ఇది: నోటిఫికేషన్‌లో రాసిన తేదీ నాటికి మీ వయసెంత? సడలింపు కలిపితే ఎంత? ఈ నోటిఫికేషన్లు ప్రతి ఏడాది రావు. మీకిప్పుడు 27 అనుకోండి, "ఇంకో నాలుగేళ్లు ఉద్యోగం చేసి అప్పుడు చూద్దాం" అనుకుంటే, నోటిఫికేషన్ వచ్చే నాటికి తలుపు మూసుకుపోయి ఉండొచ్చు. అడవి ఎక్కడికీ పోదు, మీ వయసే ఆగదు. కోచింగ్ సెంటర్ వాళ్లు ఫీజు రసీదు ఇస్తరు, వయసు సడలింపు ఇవ్వరు. అది గుర్తుపెట్టుకోండి.

రెండో లెక్క కాళ్లది. ఎఫ్‌బీఓకు రాత పరీక్షలో ఒక పేపర్ జనరల్ నాలెడ్జ్, ఇంకోటి లెక్కలు. దాని తర్వాత నడక పరీక్ష. మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. 25 కిలోమీటర్లంటే ఒక్కో కిలోమీటర్ తొమ్మిదిన్నర నిమిషాల్లో అయిపోవాలి, అదీ ఆగకుండా. మామూలుగా మనం వాకింగ్ అని తిరిగే వేగం దీనికి సరిపోదు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకొని ఒక్క ఐదు కిలోమీటర్లు నడిచి చూడండి, మీ పరిస్థితి మీకే తెలుస్తుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2024 మేలో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌లో ఇదే 25 కిలోమీటర్ల పరీక్షకు వచ్చిన ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ముప్పై దాటినవాళ్లు ముందు డాక్టర్ దగ్గర బీపీ, షుగర్, గుండె చూపించుకోవాలి. తర్వాత నెలలకు నెలలు, వారానికి కొంచెం కొంచెం దూరం పెంచుకుంటూ పోవాలి. హాల్‌టికెట్ వచ్చినంక మొదలుపెడితే కాదు.

మూడో లెక్క అసలైనది. ఉద్యోగం వచ్చాక పని ఎలా ఉంటుంది? రీల్స్‌లో పులి, జీపు, యూనిఫాం కనిపిస్తాయి. నిజంగా చేసేది ఎక్కువ నడక, ఎక్కువ రాత, ఎక్కువ జనంతో మాట. ఎండాకాలం ముందు అగ్గి పాకకుండా ఫైర్ లైన్లు తీయించాలి. నాలుగేళ్లకోసారి దేశమంతా పులుల లెక్కింపు జరుగుతుంది, అప్పుడు బీట్‌లో నడుస్తూ అడుగుజాడలు, పెంటికలు వెతికి ఎం-స్ట్రైప్స్ అనే యాప్‌లో ఎక్కించాలి. మన అమ్రాబాద్, కవ్వాల్ టైగర్ రిజర్వులలో ఈ పని చేసేది ఈ కింది స్థాయి సిబ్బందే.

అన్నిటికంటే కష్టం భూమి గొడవ. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికే అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజనులకు హక్కు ఇవ్వాలని ఆ చట్టం చెప్తుంది. ఎవరు ఎప్పటి నుంచి దున్నుతున్నారు అన్న దగ్గరే గొడవంతా. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన రేంజ్ ఆఫీసర్ అనిత మీద కర్రలతో దాడి జరిగింది. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును చంపేశారు. ఇటు చూస్తే డ్యూటీ చేస్తున్న ఉద్యోగి, అటు చూస్తే భూమి పోతే బతుకే లేదనుకునే మనిషి. ఇద్దరి మధ్య నిలబడి మాట్లాడటమే ఈ ఉద్యోగం. అప్పులు, పంట నష్టం, ఇంటి బాధ్యత చూసిన మనిషికి ఈ మాట్లాడటం బాగా వస్తుందని నా నమ్మకం. వయసు మీద పడ్డవాళ్ల దగ్గర ఉండే బలం అదే. కానీ ఆ బలానికి నోటిఫికేషన్‌లో మార్కులుండవు.

మరి వయసు దాటిపోయిన మా అన్నలాంటి వాళ్ల సంగతేంది? యూనిఫాంకు వయసు ఉంది, పనికి లేదు. సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారిని చూడండి. బ్యాంకు ఉద్యోగం వదిలేసి నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల సమస్య మీద పోరాడారు. తన సొంత భూమి 70 ఎకరాలను అడవిగా కాపాడారు. ఖమ్మం జిల్లాలో వనజీవి రామయ్య గారు ఏ పోస్టూ లేకుండానే జీవితమంతా మొక్కలు నాటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

అందరికీ 70 ఎకరాలు ఉండవు కదా అంటారు. నిజమే. కానీ 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊళ్లో ఏ చెట్లున్నాయి, ఏ పక్షులున్నాయి, ఏ పాత విత్తనాలున్నాయి అని ఒక రిజిస్టర్ రాయాలి. మీ పంచాయతీకి వెళ్లి "మన రిజిస్టర్ ఎక్కడుంది?" అని అడగండి. 2018 పంచాయతీరాజ్ చట్టంలో పచ్చదనానికి బడ్జెట్‌లో పదో వంతు పెట్టాలని ఉంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలని ఉంది. దాని లెక్క అడిగే హక్కు మీకుంది. ఫోన్‌లో ఈబర్డ్, ఐనాచురలిస్ట్ పెట్టుకొని మీ చెరువు మీదికొచ్చే పక్షులను నమోదు చేయండి, పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట. మా దగ్గర అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. దానికి పంది ఒక్కటే చావదు. నెమలి చస్తుంది, బర్రె చస్తుంది, రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను రైతు చస్తాడు. ఆ తీగ తీయించడం కూడా వన్యప్రాణి సంరక్షణే. దానికి ఊరు నమ్మే మనిషి కావాలి, 36 ఏళ్లయినా 56 ఏళ్లయినా.

ఇక నేను చెప్పేది సూటిగా: వయసు ఉంటే ఇవాళే లెక్క చూసుకొని, ఉన్న జాబ్ చేసుకుంటూనే పొద్దున నడక మొదలుపెట్టండి. ఇంట్లో కిస్తీలు నడుస్తుంటే నోటిఫికేషన్ చేతికి రాకముందే రాజీనామా చేయొద్దు. వయసు దాటితే కోచింగ్‌కు కట్టాలనుకున్న పైసలు దాచుకొని, పంచాయతీ ఆఫీసు మెట్లెక్కండి. ఈ వీడియో మీ ఇంట్లో ముప్పైకి దగ్గర్లో ఉన్న అన్నకో, అక్కకో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.