నరముల నొప్పికి మందు నెంచుకొను విధము



భీమునిపట్నము చుట్టుపట్ల గ్రామములలో పంటల పనిమీద తిరుగునపుడు "అరికాళ్లు మండుచున్నవి, రాత్రి కన్ను మూతపడదు" అని చెప్పు పెద్దలు నాకు తరచుగా కనబడుచుందురు. వారిలో పలువురు దుకాణములో దొరకు నొప్పి బిళ్లలనే ఏండ్ల తరబడి మ్రింగుచున్నారు. ఇది ధనమునకును దేహమునకును నష్టము.

బెణుకు నొప్పి వేఱు, నరముల నొప్పి వేఱు. నరమే చెడినపుడు పైకి గాయము లేకున్నను మంట, తిమ్మిరి, సూదిపోట్లు కలుగును. డైక్లోఫెనాకు వంటి బిళ్లలు దీనికి అంతగా పనిచేయవు. పైగా చిరకాలము వాడినచో మూత్రపిండములను చెఱుపును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మూత్రపిండ వ్యాధి ఎన్ని కుటుంబములను కుంగదీసినదో మీరెఱుగుదురు. ఆ వ్యాధికి మూలమేదైనను, ఉన్న మూత్రపిండములను మనమై పాడుచేసికొనుట తగదు.

మొదట కారణమును వెదకవలెను. మధుమేహము, మద్యపానము, కుష్ఠు, సర్పి, కొన్ని పురుగుమందుల విషము, బి12 విటమిను లోపము — వీనిలో దేనివలననైనను నరములు చెడవచ్చును. మధుమేహమునకు మెట్‌ఫార్మిను చాలకాలము వాడువారిలో బి12 తగ్గుట కలదు, రక్తపరీక్షతో తెలియును. కారణమును విడిచి మంటను మాత్రమే అణచుట, వేరుపురుగు తొలచుచుండగా ఆకుమీద మందు చల్లుట వంటిది.

ఇక నొప్పిని తగ్గించు మందులలో ముఖ్యమైనవి అమిట్రిప్టిలిను, డులాక్సెటిను, ప్రెగబాలిను. మధుమేహమువలన నరములు చెడినవారిలో ఈ మూడింటిని బ్రిటను వైద్యులు పోల్చి, 2022లో ఫలితము ప్రకటించిరి. నొప్పి తగ్గించుటలో మూడును ఇంచుమించు సమానమే. ఒకటి చాలనపుడు రెండవది చేర్చిన మరికొంత మేలు కలిగెను. కావున ఏది గొప్పది అని గాక, నా దేహమునకు ఏది తగును అని అడుగవలెను.

అమిట్రిప్టిలిను చౌక, రాత్రి పుచ్చుకొన్నచో నిద్ర పట్టును. కాని నోరెండుట, మలబద్ధము కలుగును. గుండెజబ్బు గలవారికిని, మూత్రము కష్టముగా వచ్చు వృద్ధులకును తగదు. డులాక్సెటిను మొదట వికారము పుట్టించును. కాలేయము చెడినవారు, మిక్కిలిగా త్రాగువారు వాడరాదు. ప్రెగబాలిను మత్తు, తలతిరుగుడు, కాళ్లవాపు కలిగించును. మూత్రపిండములు బలహీనమైనచో మోతాదు తగ్గింపవలెను. కల్లు, సారాయితో కలిపిన ప్రమాదము. ముఖమున ఒక ప్రక్క మెఱుపువలె కొట్టు పోటుకు కార్బమజెపీను వేఱుగా కలదు. దానిని వాడునపుడు ఒంటిపై దద్దుర్లు లేచినచో వెంటనే వైద్యునికి చూపవలెను.

ఏ మందైనను కొద్ది మోతాదుతో మొదలిడి మెల్లగా పెంచవలెను. విత్తిన మఱునాడే మొలక రాదు; కొన్ని వారములు ఓర్చి చూడవలెను. నొప్పి సగము తగ్గినను మేలు కలిగినట్లే. గుణము కనబడకున్నను తనంతట హఠాత్తుగా మానరాదు. వైద్యునితో చెప్పి మార్చుకొనవలెను. మత్తు తెలియువరకు ట్రాక్టరు నడపరాదు, రాత్రివేళ నూతియొద్దకు ఒంటరిగా పోరాదు.

మంట తగ్గినను మొద్దుబారిన కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నది తెలియదు. చెప్పులు లేక నడువకుడు. ప్రతి సాయంకాలము కాళ్లు కడిగి అరికాళ్లను పరీక్షింపుడు. చిన్న పుండును ఉపేక్షించి కాలినే పోగొట్టుకొన్నవారు కలరు.

వైద్యునియొద్దకు పోవునపుడు ఇంటనున్న మందులన్నియు సంచిలో వేసికొని పొండు. సిగ్గుపడక త్రాగుడు సంగతియు చెప్పుడు. నిజము చెప్పిన రోగికే తగిన మందు దొరకును.